అచ్చొచ్చిన హెల్మెట్

ఏడేళ్ళుగా నా మీద ఒక బరువుంది. దాన్ని ఇంతవరకూ ఎవరి దగ్గరా దించలేదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మీ ముందు నోరు విప్పుతున్నాను. జాలి పడకండి. జాలి పడాల్సిన మనిషి వేరే ఉన్నాడు. చివరిదాకా వినండి, చాలు.

కువైట్‌లో బైకుల మీద ఇళ్ళకు తిండి చేరవేసే ఒక కంపెనీకి నేను స్టోర్ కీపర్‌ని. మా యార్డు సులైబియాలో ఉంది. కొత్త రైడర్‌కి జాకెట్టు, గ్లౌజులు, మోకాళ్ళ ప్యాడ్‌లు, హెల్మెట్ ఇచ్చి సంతకం పెట్టించుకునేది నేనే. ఎవరైనా బండి మీంచి పడితే వాళ్ళ హెల్మెట్ వెనక్కి తీసుకుని, గడ్డం కింద పెట్టుకునే బెల్టు కత్తిరించి చెత్తలో వెయ్యాల్సింది కూడా నేనే. పొరపాటున కూడా ఇంకొకడి నెత్తికి ఎక్కకూడదని అలా కత్తిరిస్తారు.

మాకు ట్రైనింగ్ ఇచ్చినాయన ఈజిప్టు మనిషి. జాకెట్టు చర్మాన్ని కాపాడుతుంది, ఎముకని కాదన్నాడు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ దెబ్బని తాను తిని నలిగిపోతుందని, అలా ఒక్కసారే తినగలదని చెప్పాడు. ఒక హెల్మెట్‌ని టేబుల్‌కేసి ఠపీమని కొట్టి, "వన్ టైమ్. ఖలాస్!" అన్నాడు. పైన నిగనిగలాడుతున్నా లోపల దాని పని అయిపోయినట్టే. ఇది నాకు తెలియదని తప్పించుకునే వీల్లేదు. ముందు వరసలో కూర్చుని విన్నాను. బుద్ధిగా తల కూడా ఊపాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి కడప నుంచి వచ్చిన రైడర్ ఒకతను రౌండెబౌట్ దగ్గర జారిపడ్డాడు. తల నేరుగా ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుంది. అయినా లేచి, దుమ్ము దులుపుకుని నిలబడ్డాడు. మర్నాడే గోడౌన్ పనికి మారిపోయాడు. హెల్మెట్ తిరిగివ్వడానికి స్టోర్‌కి వచ్చినప్పుడు చూశాను, దాని ముందు భాగంలో కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"పారేయాకన్నా. నన్ను బతికిచ్చినాది ఇది," అని దానికి రెండు చేతులా దండం పెట్టి వెళ్ళాడు.

కత్తెర తీశాను. మళ్ళీ సొరుగులో పెట్టేశాను. ఎందుకు పెట్టేశాను? బొట్టు పెట్టిన వస్తువుని కొయ్యడానికి చెయ్యి రాలేదు. చాలా ఏళ్ళు ఇదే కారణమని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ నెల కొత్త హెల్మెట్ల కోసం ఆఫీసుకి పంపాల్సిన కాగితం నేను మర్చిపోయాను. షెల్ఫు ఖాళీ అయిపోతోంది. ఎందుకైనా పనికొస్తుందిలే అనుకుని దాన్ని వెనక్కి తోసి ఉంచాను.

వారం తిరక్కుండా సత్తిబాబు వచ్చాడు. మా కోనసీమ వాడే. అప్పుడే అక్కడ ఉండి పనిచెయ్యడానికిచ్చే ఇఖామా కార్డు చేతికొచ్చింది, ఎప్పుడెప్పుడు బండెక్కుదామా అని తహతహలాడుతున్నాడు. ఆ పూట నా దగ్గర వాడి సైజుకి సరిపోయేది అదొక్కటే ఉంది. "రెండ్రోజులాగి రారా" అంటే సరిపోయేది. కానీ అలా అంటే హెల్మెట్లు ఎందుకు లేవని ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, నా మతిమరుపు బయటపడుతుంది. కేవలం ఒక చీవాటు తప్పించుకోవడానికి ఆ హెల్మెట్ తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఇదేంటండీ బాబాయ్, బొట్టుంది?" అన్నాడు.

"అచ్చొచ్చిన హెల్మెట్‌రా ఇది. ఒకణ్ణి చావు నుంచి తప్పించింది. కొత్తది కావాలన్నా ఇలాంటిది దొరకదు."

"ఆయ్! అలాగైతే ఇదే ఇవ్వండి," అని వాడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

ఆ కడప అతను పాపం నమ్మి అన్నాడు. సత్తిబాబూ నమ్మి తీసుకున్నాడు. నమ్మకుండా ఆ మాట వాడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నెలన్నర గడిచింది. సల్వా అనే పేటలో మధ్యాహ్నం పూట ఒక ఇంటి గేటులోంచి పెద్ద కారు వెనక్కి దూసుకొచ్చింది. సత్తిబాబు ఎగిరి పడ్డాడు. జాకెట్టు మోచేతి దగ్గర చిరిగింది గానీ లోపల చర్మం గీసుకుపోలేదు. ప్యాడ్‌ల కింద మోకాళ్ళు బాగానే ఉన్నాయి. గ్లౌజులు అరిగిపోయినా చేతివేళ్ళన్నీ క్షేమం. ఇచ్చినవన్నీ వాటి పని అవి చేశాయి, ఒక్క హెల్మెట్ తప్ప. తలకి కుడివైపు దెబ్బ తగిలి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి.

మర్నాడు ఆ హెల్మెట్ సంచిలో స్టోర్‌కి వచ్చింది. తలుపేసుకుని చూశాను. బెల్టుని అంబులెన్సు వాళ్ళు కత్తిరించి తీశారు. దాని క్లిప్ మాత్రం వేసినది వేసినట్టే ఉంది. అంటే సత్తిబాబు బెల్టు సరిగ్గానే పెట్టుకున్నాడు. చెయ్యాల్సినదంతా చేశాడు.

మిర్కాబ్‌లో ఉన్న మా హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసర్ ఫోన్ చేసి, బెల్టు పెట్టుకున్నాడా అని అడిగాడు. పెట్టుకున్నాడంటే తర్వాతి ప్రశ్న హెల్మెట్ ఎక్కడిదని వస్తుంది. "లేదు సార్, పెట్టుకోలేదు," అన్నాను. ఆ సాయంత్రమే హెల్మెట్‌ని తుక్కు లారీలో వేసేశాను. రైడర్ నిర్లక్ష్యమే కారణమని ఆఫీసులో రాసుకున్నారు, కంపెనీ చేతులు దులిపేసుకుంది.

ఇంతకంటే నీచమైనది ఇంకొకటుంది. వాడు కళ్ళు తెరిచాక ఆసుపత్రికి వెళ్ళాను. ఆ రోజు జరిగిందేదీ వాడికి గుర్తు లేదు. మాట ముద్ద ముద్దగా వస్తోంది.

"బాబాయ్, నేను బెల్టు పెట్టుకోలేదంటగా?"

కాదని చెప్పడానికి దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు. నేనేం చేశాను? వాడి చెయ్యి పట్టుకుని, "తొందరలో మర్చిపోయుంటావులేరా," అన్నాను. ఓదార్చినట్టుగా అన్నాను. ఆఫీసుకి చెప్పిన అబద్ధం కాగితం మీదే ఉంది. ఇది మాత్రం వాడి బుర్రలోకి వెళ్ళి కూర్చుంది. ఖాళీగా ఉన్న చోట నా తప్పుని తీసుకెళ్ళి వాడి తప్పుగా పెట్టాను.

కొత్త హెల్మెట్ ఇచ్చి ఉంటే బాగుండేవాడా? ఈ ప్రశ్న వెనక చాలా ఏళ్ళు దాక్కున్నాను. అంత దెబ్బకి ఏ హెల్మెట్ మాత్రం ఆగుతుంది అనుకునేవాణ్ణి. పేరు చెప్పకుండా ఆ ఈజిప్టు ఆయన్ని కూడా అడిగాను. "ఎంత ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. ఎంతో కొంత ఆపుతుంది," అన్నాడు. ఆ ఎంతో కొంతలో వాడి చెయ్యి ఉందో, కాలు ఉందో, సరిగ్గా పలికే నాలుక ఉందో నాకెలా తెలుస్తుంది? తెలియదు గనక నా తప్పు లేదనుకోవడం ఎంత సిగ్గుమాలిన లెక్క! వాడికి దక్కాల్సిన ఆ కాస్తనీ లాక్కున్నది నేను.

వాడు కోనసీమలో ఇంటికి చేరాక భార్య దుర్గ ఏడుస్తూనే వాణ్ణి సాధించేదట. ఒక్క బెల్టు పెట్టుకోవడానికి ఏం రోగమొచ్చిందని అడిగేదట. తప్పు నాదేనంటూ వాడు ఆ మాటలు పడేవాడు. ఈ ఏడాది మొదట్లో మన రైడర్లకి చూపించమని ఒక వీడియో తీసి నాకు పంపాడు. పనిచేసే కుడిచేత్తో గడ్డం కింద చూపిస్తూ, "క్లిప్ టక్కుమన్నాకే బండి తియ్యండి తమ్ముళ్ళూ. నాలాగా నిర్లక్ష్యం చెయ్యకండి," అంటాడు. సేఫ్టీ ఆఫీసర్‌కి అది తెగ నచ్చింది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా వెయ్యమన్నాడు. వేసే పని నాదే. నాలుగు బ్యాచ్‌లకి వేశాను. ఐదోసారి నా వల్ల కాలేదు. టీవీ పాడైందని చెప్పి బయటికొచ్చి, యార్డు గోడ పక్కన నిలబడి ఏడ్చాను. ఇక చాలు అనుకున్నాను.

నిన్న శుక్రవారం పొద్దున్నే సత్తిబాబుకి ఫోన్ చేశాను. సాకులేవీ కలపలేదు. బొట్టు నుంచి తుక్కు లారీ దాకా ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే... నేను బెల్టు పెట్టుకున్నానాండీ?"

"పెట్టుకున్నావురా. క్లిప్ వేసే ఉంది. నా కళ్ళతో చూశాను."

నన్ను తిట్టలేదు. నేను లైన్లో ఉన్నాననే మర్చిపోయాడేమో, ముద్ద మాటలతోనే గట్టిగా కేకేశాడు. "దుర్గా! ఇలా రా! నేను పెట్టుకున్నానంట దుర్గా! పెట్టుకునే ఉన్నానంట!"

దుర్గ ఫోన్ అందుకుంది. తిడుతుందని సిద్ధపడ్డాను. "ఏడేళ్ళు తిన్న ప్రతి ముద్దకీ ఆయన్ని ఆడిపోసుకున్నానండీ," అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ వాళ్ళు చెయ్యలేదు. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా. రేపు ఆదివారం ఆఫీసు తెరవగానే మిర్కాబ్ వెళ్తాను. ఇదంతా రాసి సంతకం పెట్టిన కాగితం చొక్కా జేబులో ఉంది. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెట్టొచ్చు, పెట్టనివ్వండి. కాగితంలో మొదటి రెండు ముక్కలు ఇక్కడ కూడా రాస్తున్నాను. సత్తిబాబు బెల్టు పెట్టుకున్నాడు. పనికిరాని హెల్మెట్ అని తెలిసీ అతనికి ఇచ్చింది నేనే.