రెండు వేళ్ల సందు

రోజూ పొద్దున దుకాణం షట్టర్ ఎత్తక ముందే పర్వతాలు వెనక రేకుల చాటుకు పోయి ఒక ఐదు రూపాయల బిళ్ల నేల మీద పడేస్తాడు. మోకాళ్లు వంచకుండా వంగి దాన్ని తీస్తాడు. చేతులు రెండూ తల వెనక్కి తెచ్చి వేళ్లు కలుపుతాడు. ఆఖరున గడ్డం వంచి ఛాతీకి ఆనించ చూస్తాడు.

మర్రిగూడలో ఈ మూడు పరీక్షలు తెలియనివాళ్లు లేరు. అతను బడిలో ఉన్నప్పుడు దవాఖాన వాళ్లు వచ్చి పిల్లలను వరసగా నిలబెట్టి ఇవే చేయించారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎవరి ఎముకల్లోకి ఎంత దిగిందో అట్లా పైపైన తెలుస్తుందన్నారు. పర్వతాలు ఇంటికొచ్చి తన బాపు జంగయ్యతో ఆట లెక్కన అదే చేయించాడు. జంగయ్యకు అప్పుడు నలభై నాలుగేండ్లు. చెయ్యి బిళ్ల దాకా పోలేదు. "పైసలు కింద పడేసి ఏం పరీక్షరా గిది" అని నవ్వి, బిళ్లను కాలితో కొడుకు వైపు నెట్టాడు. ఆ తర్వాత పదిహేనేండ్లు బతికాడు. చివరి ఐదేండ్లు ఆయన ఆకాశం చూడాలంటే మంచం మీద ఒక పక్కకు పడుకుని చూడాల్సి వచ్చేది.

పర్వతాలుకు ఇప్పుడు నలభై మూడు. బిళ్ల అందుతుంది. చేతులు కలుస్తాయి. గడ్డమే ఛాతీకి ఆనదు. మూడేండ్ల కింద ఆ సందులో ఒక వేలు పట్టేది. ఇప్పుడు రెండు పడుతున్నాయి. రోజూ వేళ్లు పెట్టి చూసుకుంటాడు. మూడోది దూరలేదని తెలిశాక, ఆ రోజుకు షట్టర్ ఎత్తుతాడు.

అతనిది కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టే దుకాణం. మోటర్ల నడుమ ఒక మూలకు మనిషి ఎత్తు పెట్టె ఒకటి ఉంటుంది. ముందర తెర, తెర కింద రెండు కర్రలు, ఎర్ర మీటలు. మోటర్ ఇవ్వడానికి వచ్చిన కొత్త రైతులు అది కరెంటు సామాను అనుకుంటారు.

దాని సంగతి దేవరకొండలో మొదలైంది. పదహారో ఏట పర్వతాలు మోటర్ పని నేర్చుకునేందుకు అక్కడ చేరాడు. బస్టాండు వెనక సందులో సర్దార్ అనే ఆయన వీడియో గేముల దుకాణం నడిపేవాడు. రూపాయి పెడితే ఒక ఆట. తెర మీద ఇద్దరు కొట్టుకుంటారు. పర్వతాలు ఎప్పుడూ తెల్ల బట్టల కరాటే వాణ్నే ఎంచుకునేవాడు. కర్రను కిందికి, పక్కకు, పైకి తిప్పి మీట నొక్కితే వాడు గాలిలో లేచి, రెండు చుట్లు తిరిగి తన్నేవాడు. ఆ తన్ను చేతికి రావడానికి నెల పట్టింది. వచ్చాక ఒక అనుమానం పట్టుకుంది. మనిషి నిజంగా అట్లా తన్నగలడా?

"నన్నడుగుతవేందిరా, నేను బిళ్లలేరుకునేటోన్ని" అన్నాడు సర్దార్. "గా ఫంక్షన్ హాల్ మీద పొద్దుగాల కరాటే చెప్తున్నరు. పోయి తన్నిపిచ్చుకో, తెలుస్తది."

పోయి తన్నిపించుకున్నాడు. పదకొండేండ్లు తన్నిపించుకున్నాక నల్ల బెల్టు వచ్చింది. ఆ గాలి తన్ను మనిషికి కాని పని అని నాలుగో ఏడే తేలిపోయినా రెంటిలో ఏదీ విడవలేదు. పొద్దున కరాటే, సాయంత్రం కర్ర. పెళ్లి మాటల నాడు పెళ్లికూతురు అండాలు వాళ్లన్న "పిల్లగానికి అలవాట్లేమన్న ఉన్నయా" అని అడిగితే, పక్కనే కూర్చున్న సర్దార్ "ఒక్కటే ఉన్నది, కొట్టుకునుడు" అన్నాడు. ఆ మాటకు సర్ది చెప్పడానికి ఒక పూట పట్టింది.

తెలంగాణ వచ్చిన ఏడు సర్దార్ గేముల దుకాణం ఎత్తేశాడు. పోరగాళ్లంతా ఫోన్లలో పడ్డారు. ఆ జాగాలోనే చెప్పుల దుకాణం పెట్టి, మిగిలిన ఒక్క మిషన్‌ను ట్రాలీలో వేసి, అప్పటికే మర్రిగూడలో మోటర్ల దుకాణం పెట్టుకున్న పర్వతాలుకు పంపాడు. మరుసటేడు పర్వతాలు బడి ఆవరణలో సాయంత్రం పూట కరాటే నేర్పడం మొదలుపెట్టాడు. అప్పటికి ఊళ్లోకి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అవి తాగి పెరుగుతున్న పిల్లలు. ఎక్కడ వంచమంటే అక్కడ వంగేవారు. వాళ్లు వరసగా నిలబడి కాలివేళ్లు ముట్టుకుంటుంటే పర్వతాలు ఒక్కోసారి లెక్క పెట్టడం మరిచిపోయి చూస్తూ ఉండేవాడు.

మెడ సంగతి ముందుగా తెలిసింది కటాలో. నలుగురు మీదికి వస్తున్నట్టు ఊహించుకుని ఒంటరిగా చేసే దెబ్బల వరసను కటా అంటారు. పక్కకు గాని వెనక్కి గాని మళ్లే ముందు మెడ తిప్పి అక్కడివాణ్ని చూడాలి. చూశాకే నడుము, కాలు. పర్వతాలు మెడ సగం దాకా పోయి ఆగిపోయేది. అందుకని మెడ, భుజం, నడుము అన్నీ ఒక్క పెట్టున తిప్పడం అలవాటు చేసుకున్నాడు. జోరుగా తిప్పితే తేడా కనిపించదని అతని ధైర్యం.

అక్షితకు కనిపించింది. ఎనిమిదో ఏటి నుంచి అతని దగ్గరే నేర్చుకుంటున్న పిల్ల. అప్పటికి తొమ్మిదో తరగతి.

"సార్, మీరు ముందుగాల చూస్తలేరు గద?" అంది, అందరి ముందరే.

పర్వతాలు బెల్టు ముడి బిగించుకున్నాడు. "మన గేమ్ల వాడు మెడ తిప్పుతడా?" అన్నాడు. "మొత్తం మనిషి ఒక్కపారే మళ్లుతడు. వేగమంటే గది."

పిల్లలు ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చి, మిషన్ ముందు గుంపుగా నిలబడి చూశారు. నిజమే, తెల్ల బట్టల వాడు మెడ తిప్పడు. మరునాటి నుంచి వాళ్లూ తిప్పడం మానేశారు. పర్వతాలు చూశాడు. ఇప్పుడు సరిదిద్దితే అప్పుడెందుకట్ల చెప్పినవంటారు. రేపు చెప్దాములే అనుకున్నాడు. అట్లా మూడేండ్లు.

సర్దార్ నెలకోసారి వచ్చి రెండాటలు ఆడి పోతాడు. ఒకనాడు గెలిచాక కర్ర వదిలి అన్నాడు: "ఓడినంక నా దిక్కు తిరిగి తిట్టేటోనివి. గిప్పుడు తెరను తిడ్తున్నవ్."

"ఏం లేదు భాయ్."

"మెడ గద?"

పర్వతాలు ఆట అయిపోయిన మిషన్ మీద మీట నొక్కుతూనే ఉన్నాడు.

"నలభై దాటినంక అందరికి పడ్తది. నాకు నడుము పట్టలేదా? నల్లగొండ పోయి ఎక్స్‌రే తీపియ్యి. అదో, ఇంకోటో, తెలుస్తది."

"తీపిస్తే తెలుస్తది గద."

"తెల్వాలనే గదరా తీపిచ్చేది."

"అందుకే" అన్నాడు పర్వతాలు.

సర్దార్ మిషన్‌లో ఇంకో బిళ్ల వేశాడు. పర్వతాలు భయం ఆయనకు తెలియనిది కాదు. వంగని మాస్టరు దగ్గరికి పిల్లలను ఎవరు పంపుతారు? క్లాసు పోతే, పొద్దున లేచి తను చేసే పని ఏముంటుంది? ఆ ప్రశ్న దాకా వచ్చి పర్వతాలు ప్రతిసారీ రాగి తీగ చేతికి తీసుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నల్లగొండలో బెల్టు పరీక్ష పెట్టారు. మర్రిగూడ నుంచి పదకొండు మంది. ఇంటర్‌కు వచ్చిన అక్షిత బ్రౌన్ బెల్టుకు. బస్సులో పర్వతాలు ముందు సీట్లో కూర్చున్నాడు. ప్రతి స్టాపుకూ లేచి నిలబడి, మొత్తం ఒంటిని వెనక్కి మళ్లించి పిల్లలను లెక్కపెట్టుకున్నాడు. చండూరు దగ్గర కండక్టర్ "కూసో సారూ, పిల్లలేడికి పోతరు" అన్నాడు.

పిల్లల ఫికర్ కాదు అతనిది. పరీక్ష తీసుకునే దామోదర్ మాస్టర్‌కు ఒక పద్ధతి ఉంది. ఏ ఊరి పిల్లలనైనా చూసే ముందు ఆ ఊరి గురువు ఒక కటా చేసి చూపాలి. ముందటేడు జరమని, పోయినేడు మడమ బెణికిందని పిల్లలనే తీసుకుపోకుండా తప్పించుకున్నాడు. ఈసారి పెళ్లాం అండాలు ముందే అడిగింది: "ఈ యేడు ఏం బెణికిందని చెప్తవయ్యా?" నవ్వుతూనే అడిగింది గాని, సమాధానం కోసం అక్కడే నిలబడింది. అతను బూట్లు వెతుక్కున్నాడు.

హాల్లో మర్రిగూడ పేరు పిలిచారు. మళ్లడాలు తక్కువున్న కటా ఒకటి ఎంచుకుని పర్వతాలు నడిమికి వచ్చాడు. మొదటి మళ్లుడు జోరుగా మళ్లాడు. రెండోదానికి మెడలో ఏదో పటుక్కుమంది. మూడోదానికి ముందు దామోదర్ మాస్టర్ దగ్గరికి ఎవరో కాగితాలు తెచ్చారు. ఆయన తల దించి సంతకాలు పెడుతుండగా మిగతా కటా అయిపోయింది.

"మంచిది" అన్నాడాయన తలెత్తి.

పర్వతాలు గోడ పక్కకు వచ్చి నిలబడ్డాడు. వీపు తడిసిపోయింది. ఇంకో ఏడు గడిచినట్టే అనుకున్నాడు.

పిల్లలు వరసగా నిలబడ్డారు. కటా మొదలైంది. దెబ్బలు పొందిగ్గా పడుతున్నాయి. మొదటి మళ్లుడు వచ్చింది. పదకొండు మంది మెడ, భుజం, నడుము ఒక్కటిగా, చెక్కబొమ్మలు తిరిగినట్టు తిరిగారు. రెండోదీ అట్లాగే.

పర్వతాలు తనను తాను బయటినుంచి ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు పదకొండు చోట్ల చూస్తున్నాడు. వాళ్లలో తనొక్కడే కాదు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసే జంగయ్య కూడా ఉన్నాడు.

"ఆపుండ్రి" అన్నాడు దామోదర్ మాస్టర్.

ఆయన లేచి వచ్చి అక్షిత ముందు నిలబడ్డాడు. "మెడ నొస్తుందా బిడ్డ?"

"లేదు సార్."

"ఏ ఊరు మీది?"

"మర్రిగూడ."

ఆయనా ఈ జిల్లా మనిషే. మెల్లగా, "అందరు జర గడ్డం ఛాతీకి ఆనియ్యుండ్రి" అన్నాడు.

పదకొండు గడ్డాలూ ఆనాయి. మధ్యలో వెంట్రుక పట్టే సందు లేదు.

"మరి మళ్లేటప్పుడు చూస్తలేరెందుకు?"

"మా సార్ గట్లనే నేర్పిండు" అంది అక్షిత. "గేమ్ల గట్లనే ఉంటది."

దామోదర్ మాస్టర్ తలెత్తి గోడ వైపు చూశాడు. పర్వతాలు ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. పిల్లలు సరిగ్గా నేర్చుకోలేదనడం ఒకటి. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. అక్షిత అతని వైపే చూస్తోంది, ఏదో తప్పు మాట్లాడానా అన్నట్టు.

"వాళ్ల తప్పు కాదు మాస్టర్" అన్నాడు. "నా మెడ తిరుగుతలేదు. మూడేండ్లయింది. వాళ్లకు అబద్ధం చెప్పిన."

ఎవరూ అడగకుండానే గడ్డం వంచి, సందులో రెండు వేళ్లు పెట్టి చూపించాడు. హాల్లో మిగతా ఊళ్ల మాస్టర్లు నేలచూపులు చూశారు.

"అన్నాల యాళ్లయింది" అన్నాడు దామోదర్ మాస్టర్. "తిన్నంక మీ పిల్లలను మళ్ల చూస్త. అందాక నీ టైము."

పిల్లలు అన్నం పొట్లాలు పక్కన పెట్టి వరండాలో నిలబడ్డారు. అక్షితను ముందర నిలబెట్టి పర్వతాలు ఆమె పక్కన నిలబడ్డాడు. "నేను చెప్త, తను చూపిస్తది. 'చూడు' అంటే మెడ ఒక్కటే. 'మళ్లు' అంటే ఒళ్లు."

"అయితే గేమ్లోనిది తప్పా సార్?" అడిగింది వరసలో స్నిగ్ధ అనే చిన్నపిల్ల.

"వాని ఎనకకెళ్లి ఎవ్వడు రాడమ్మా. తెర మీద ఇద్దరే ఉంటరు."

చూడు. మళ్లు. చూడు. మళ్లు. మూడేండ్ల అలవాటును అరగంటలో వదిలించాలి. చిన్నవాళ్లకు తొందరగానే వచ్చింది. నిన్నమొన్న చేరినవాళ్ల మెడలు అడగకుండానే తిరిగాయి. అక్షితకే ముందు భుజం కదిలేది. ఆమె పళ్లు బిగించింది. పర్వతాలు "చూడు" అని అరుస్తూనే ఉన్నాడు.

రెండోసారి పరీక్షలో ఏడుగురు గట్టెక్కారు. నలుగురు పోయారు. అక్షిత మూడో మళ్లుడు దాకా బాగానే చేసింది. నాలుగోదానికి ఒళ్లంతా ఒక్కటిగా తిరిగింది. తిరిగిన మరుక్షణం ఆమెకే తెలిసి అక్కడే ఆగిపోయింది. ఎక్కువ నేర్చుకున్నది ఆమె, ఎక్కువ అంటుకున్నదీ ఆమెకే.

"జూన్‌ల మళ్ల రా బిడ్డ" అన్నాడు దామోదర్ మాస్టర్. తర్వాత పర్వతాలును పక్కకు పిలిచాడు.

"క్లాసు బందు చెయ్యాల్నా మాస్టర్?"

"నేనన్ననా? కటా నువ్వు చూపియ్యకు, గా పిల్లతోటి చూపించు. మంగళవారం దవాఖానకు రా. నేను బస్టాండుల ఉంట." ఆయన ఒక్క క్షణం ఆగాడు. "ఎక్స్‌రేల ఏమొస్తదో నాకు తెల్వది. ఏది తేలినా నిన్న రాత్రి వచ్చింది గాదు గద, మూడేండ్ల సంది మోస్తనే ఉన్నవ్."

తిరుగు బస్సులో అక్షిత వచ్చి అతని పక్క సీట్లో కూర్చుంది. మునుగోడు రోడ్డు ఎక్కాక అడిగింది.

"మెడ నొస్తదని చెప్తే ఏమయితుండె సార్?"

పర్వతాలు కిటికీ బయట పత్తి చేలను చూస్తూ ఉన్నాడు.

"మా తాతదీ గట్లనే. స్నిగ్ధ వాళ్ల అవ్వదీ గట్లనే. మాకు తెల్వదా?" ఆమె గొంతులో కోపం ఉంది. దాచుకునే ప్రయత్నం చేయలేదు. "గేమ్ మీద పెడితిరి."

"తప్పయింది బిడ్డ" అన్నాడు.

ఆమె బ్యాగును ఒళ్లోకి లాక్కుంది. లేచి మాత్రం పోలేదు.

బస్సు ఆగింది. ఇద్దరు దిగారు, నలుగురు ఎక్కారు. వెనక పిల్లల గోల వినిపించడం లేదు. పర్వతాలు చేతులు ముందు సీటు కమ్మీ మీదికి పోయాయి, లేవడానికి. సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"అక్షితా, ఎనక అందరున్నరా జర చూడు."

ఆమె చూసింది. భుజాలు కదలలేదు. మెడ ఒక్కటే వెనక్కి తిరిగింది, ఎవరూ నేర్పనంత తేలిగ్గా.

"పదిమంది. నాతోటి పదకొండు."

"చండూరు దాటినంక మళ్లొకసారి చూడు" అన్నాడు పర్వతాలు.