ఉల్లివేరు కొనలు

1978 జూన్ 19, సోమవారం, ఉదయం పదకొండు గంటలు. నా అసూయ అప్పుడు మొదలైంది. ఇవాళ వంటింట్లో, తడిగుడ్డ మీద మరిచిపోయిన ఉల్లిగడ్డ తెల్లని వేళ్లు వేసింది. దాని పచ్చిఘాటు తగలగానే ఆ గంట మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడింది.

జహీరాబాద్‌లో మాది బాలికల బడి. నేను తొమ్మిదో తరగతి. జీవశాస్త్రం చెప్పే రజియా టీచర్ దగ్గర ఉన్నది ఒకే ఒక సూక్ష్మదర్శిని. ఆ రోజు ఉల్లివేరు కొనకు రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి, మాకు వరుసగా చూపించారు.

"ఈ కొనల ఉన్న కణాలు ఇంకా ఏమీ కాలేదు. ముందుముందు కొన్ని నీళ్లు మోసే గొట్టాలైతయి, కొన్ని పైతోలైతయి. ఏ జాగల ఉంటే ఆ పని నేర్చుకుంటయి."

మొగుడంపల్లి అల్లం రైతు బిడ్డ సుమిత్ర లేచి, "మా అల్లం కన్ను గూడ గిట్లనేనా టీచర్? దాన్లకెల్లే కాడ, ఆకు, అన్నీ వస్తయి" అంది.

"షాబాష్ బేటీ!" అన్నారు టీచర్, ముఖమంతా వెలిగిపోతూ.

నా నోటుపుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. అయినా నేనెప్పుడూ ఉత్త అనసూయనే. ఆ రోజు నుంచి లెక్క రాసిపెట్టాను. సెప్టెంబరు మధ్యకు సుమిత్రను బేటీ అన్నది నలభై ఒక్కసారి. నన్ను, సున్నా.

సెప్టెంబరు 18న సంగారెడ్డిలో సైన్సు ప్రదర్శన. మా బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. టీచర్ సుమిత్రను ఎంచారు. సుమిత్ర శుక్రవారమే నాలుగు ఉల్లిగడ్డలను నీళ్ల సీసాల మూతుల మీద నిలబెట్టింది. సోమవారం పొద్దున తాజా కొనలు తీసి, పలకలు తయారుచేసుకుని, పదకొండింటి బస్సెక్కాలి. ప్రయోగశాల తాళంచెవి మాత్రం జూన్ నుంచీ నా దగ్గరే ఉండేది.

ఆ సోమవారం అరగంట ముందే వెళ్లి తలుపు తీశాను. వేళ్లు ఇరవై ఆరు. స్కేలు పెట్టి కొలిచి, కత్తెరతో అన్నింటినీ రెండు సెంటీమీటర్లకు సమం చేసి, తెగిన కొనలను ఊడ్చి పారేశాను. చూడ్డానికి నీటుగా ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. పెరుగుదలంతా కొనలోనే ఉంటుందని నాకు తెలుసు.

"ఎలుకనేమో" అన్నారెవరో.

"ఎలుకైతే గింత సమంగ కొరుకుతదా?" అని సుమిత్ర ఏడ్చేసింది.

టీచర్ ఒక వేరును వెలుతురుకు ఎత్తి చూశారు. "కోసిన కొన మళ్ల రాదు. గడ్డ కొత్త వేళ్లు ఏస్తది గానీ, దానికి మూడు దినాలు గావాలె." తరగతిలోకి పంపేటప్పుడు నన్నొక్కదాన్నే ఆపి చెయ్యి చాపారు. "తాళంచెవి ఇయ్యి, అనసూయా."

"వేళ్లు వంకరగ ఉన్నయని, టీచర్..."

"నీ చేతి పని నేను గుర్తుపట్టనా? సుమిత్రకు మెచ్చుకోలు మాట ఇచ్చిన. నీకు గది తాళమే ఇచ్చిన గద."

నేను మాటలను లెక్కపెట్టాను. తాళంచెవిని లెక్కలో వేసుకోలేదు.

ఆ తర్వాత రజియా టీచర్ తరగతిలో ఎవరినీ బేటీ అనలేదు, సుమిత్రను కూడా. నేనూ జీవశాస్త్రమే చెప్పి రిటైరయ్యాను. ముద్దుపేరుతో ఏ పిల్లనూ పిలవలేదు. తాళంచెవి మాత్రం ఏటా ఒక కొత్త పిల్ల చేతిలో పెట్టాను, ఎందుకిస్తున్నానో పైకి చెప్పి మరీ. అయినా ఆ నలభై ఒకటి మీద నాకు ఇప్పటికీ అసూయే.

పోయినవి: వేరు కొనలు ఇరవై ఆరు. సుమిత్ర ప్రయాణం ఒకటి. తాళంచెవి ఒకటి. ఇద్దరికీ కలిపి, ఒక పిలుపు.