ఎడమ స్పీకరులో మా అత్తగారు

మా హాలు పట్టుమని పన్నెండడుగుల పొడుగు కూడా ఉండదు. అందులో గోడకు రెండడుగులు ఎడంగా రెండు స్పీకర్లు, వాటికెదురుగా నట్టనడుమ ఒకే ఒక్క కుర్చీ. అది మా అత్తగారిది. గది ఊడ్చేటప్పుడల్లా మోకాలికి ఏదో ఒకటి తగిలేది, నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని.

అత్తగారు ముప్పై ఏళ్లు రికార్డింగుల్లో కోరస్ పాడారు. ఒక్క రికార్డు అట్ట మీదా ఆవిడ పేరు లేదు. "ఇదుగో, ఈ పాటలో ఎడమ చివర నిలబడింది నేనే" అని ఒక రికార్డు వేసి వినిపించేవారు. ఏడుగురిలో ఆవిడ గొంతేదో మాకెలా తెలుస్తుంది? మా ఆయన "సరేలేమ్మా" అనేవారు. ఆ మాటకు ఆవిడ మొహం మాడిపోయేది.

ఓ రోజు ఆవిడ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లగానే మేమిద్దరం హాలు సర్దేశాం. స్పీకర్లు రెండూ పుస్తకాల బీరువా పైకెక్కించి పక్కపక్కనే పెట్టాం. కుర్చీ ఉన్నచోట సోఫా వేశాం. అత్తగారు వచ్చి, చెప్పులైనా విప్పకుండా పాట పెట్టారు.

"దించు," అన్నారు కొడుకుతో.

"వినిపిస్తోందిగా అమ్మా! ఎక్కడుంటే ఏంటి?"

"వినిపిస్తే చాలా? అందర్నీ ఒకరి మీద ఒకర్ని కుక్కేశావు కదరా! పాడే ఆవిడెక్కడ, వయొలిన్లెక్కడ, మేమెక్కడ? పేరు ఎలాగూ వెయ్యలేదు. నిలబడ్డ చోటు కూడా తీసేస్తారా?"

"ఆ తేడా ఎవరికి తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుస్తుంది. చాలదూ?"

మా ఆయన నవ్వారు. అంతే, ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కబోయారు. డెబ్భై ఏళ్ల మనిషి! పరిగెత్తి స్టూలు పట్టుకున్నాను.

"మీకు దణ్ణం పెడతాను, ఆగండత్తయ్యా! నేను దించుతాను" అన్నాను.

సోఫా పక్కకు లాగి, కుర్చీ మళ్లీ నట్టనడుమ వేశాం. స్పీకర్లు కిందికి దిగాయి. కుర్చీ నుంచి రెండింటికీ దూరం టేపుతో కొలిపించారు. రెండు వేళ్ల తేడా వచ్చినా ఒప్పుకోలేదు. "కాస్త నా వైపుకి తిప్పు. ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు నువ్వు కూర్చో" అన్నారు నాతో.

ఇన్నేళ్లలో నేను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. పాట మొదలయ్యాక స్పీకర్ల సంగతే మర్చిపోయాను. పాడే ఆవిడ సరిగ్గా నా ఎదురుగా ఉంది. ఆవిడ వెనకాల, గోడకు ఇంకా అవతల, వయొలిన్లు. ఎడమపక్క వరసగా ఆడగొంతులు. ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"రెండో చరణం ముందు అందరం ఒక్కసారే ఊపిరి పీల్చుకోవాలి," అన్నారు అత్తగారు. "నాకు ఆ రోజు జలుబు. ఆలస్యమైపోయింది. మాస్టారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కానీ మళ్లీ పాడించడానికి టైము లేదని అలాగే ఉంచేశారు."

విన్నాను. అందరి ఊపిరీ అయిపోయాక, ఎడమ చివర, ఒక్కరే, గబుక్కున. వంటింట్లో నా వెనక రోజూ వినే ఊపిరే అది.

"ఏవండీ, ఇలా వచ్చి కూర్చోండి" అని పిలిచి, పాట మళ్లీ మొదట్నుంచీ పెట్టాను. ఆయన విసుగ్గానే కూర్చున్నారు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి చటుక్కున ఎడమకు తిరిగి "అమ్మా?" అన్నారు.

అత్తగారు కుడిపక్కన, నా దగ్గర నిలబడి ఉన్నారు.