మరియంకి పని కావాలన్న మా జేజి

ఖతర్ దేశానికి కోపాన్ని మొట్టమొదట దిగుమతి చేసిన మనిషి మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆంజనమ్మ. అంతకు ముందు ఇక్కడ ఎండ ఒక్కటే ఉండేది. ఆమె విమానం దిగాక ఆ ఎండ కూడా కాస్త అణకువ నేర్చుకుందని మా ఊరు పుల్లంపేటలో చెప్పి చూడండి, నమ్ముతారు. ఆ ఊళ్ళో సగంమంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే.

జేజి ముఐథర్‌లో ఒక ఖతరీ ఇంట్లో వంట చేస్తుంది. నేను అదే ఇంటికి డ్రైవర్‌ని. పదో తరగతికీ నాకూ పడలేదని తెలిశాక ఆ ఇంటి మేడమ్‌ని అడిగి వీసా తెప్పించి నన్ను లాక్కొచ్చింది. ఆ ఇంటి చిన్నకూతురు మరియంని పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచి పెంచింది జేజే. మరియంకి డౌన్ సిండ్రోమ్. మాట నిదానం, నేర్చుకోవడం నిదానం, నవ్వు మాత్రం వేగం. ఇప్పుడు ఇరవై దాటాయి. అరబ్బీతో పాటు మా కడప తెలుగులో ‘చాల్లే’ అనీ ‘పోరా’ అనీ అనగలదు. రెండోది నా కోసమే దాచుకుంటుంది.

ఈ పిల్లకి లుసైల్‌లో ఒక చాక్లెట్ దుకాణంలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ బిడ్డ పుట్టినా పెళ్ళి కుదిరినా పెద్ద ట్రేలో చాక్లెట్లు వరుసలుగా పేర్చి చుట్టాల ఇళ్ళకు పంపుతారు. ఆ ట్రేలు పేర్చే పని. ఇప్పించింది మాలతిగారు. ఆమెది కాకినాడ. మరియం లాంటి పిల్లలకు పని వెతికిపెట్టే ఒక సంస్థలో చేస్తుంది. పని ఇప్పించి చేతులు దులుపుకోదు. పని జరిగే చోటికే వచ్చి, పక్కన నిలబడి నేర్పి, పిల్లకి పని పట్టుబడే కొద్దీ ఒక్కో అడుగు వెనక్కి జరుగుతుంది. అదీ ఆమె ఉద్యోగం.

అయితే దుకాణం మేనేజర్ మరీహా ఆమెను రానివ్వలేదు. “ఇప్పుడు రద్దీ, వచ్చే నెల రండి, మరియం చాలా బాగా చేస్తోంది” అని ఫోన్‌లో చెప్పింది. ఈలోగా ప్రతి సాయంత్రం కారులో ఇదే సంభాషణ.

“ఏం పని చేసినావు తల్లీ?” అని జేజి అడుగుతుంది.

“సలాం చెప్పాను.”

“ఇంకా?”

“సలాం.”

ఒకరోజు జేజి నాతో పాటు దుకాణంలోకి వచ్చింది. మరియం తలుపు పక్కన భుజానికి అడ్డంగా మెరిసే పట్టీ కట్టుకుని నిలబడి ఉంది. వెనక గోడ మీద తలుపంత ఫోటో. అందులో మరియం తాను పేర్చని ట్రే ఒకటి పట్టుకుని నవ్వుతోంది. కింద ‘అందరికీ అవకాశం’ అని అరబ్బీలో ఉందని మరీహాయే గర్వంగా చదివి చెప్పింది.

“బింత్ షుగుల్ మాఫీ, లేష్?” అంది జేజి. పిల్లకి పని లేదేం అని.

“మరియం మా రాణి కదా, ఆమెకెందుకు కష్టం?” అని మరీహా హిందీలో ముద్దుగా చెప్పింది. “జీతం వస్తోందిగా.”

జేజి నా వైపు తిరిగింది. “రాణి అయితే ఇంట్లో సోఫా ఉండాది, దాని మీద కూకుంటాది. ఈడ నిలబెట్టిన బొమ్మ మాదిరి ఎందుకంట? చెప్పురా ఆయమ్మికి.”

నాకు వచ్చిన హిందీలో సగం చెప్పాను. మిగతా సగం జేజి ముఖమే చెప్పింది. బయటకొచ్చి మాలతిగారికి ఫోన్ కలపమంది.

మర్నాడు మాలతిగారు రద్దీ సంగతి వినకుండా వచ్చేసింది. మరియంకి తలుపు దగ్గర కాకుండా బల్ల దగ్గర చోటు అడిగి పుచ్చుకుంది. వారం రోజులు పక్కనే ఉండి నేర్పింది. మరియం నిదానంగానే చేసింది, కానీ వరుస తప్పలేదు. వంకర పోయిన చాక్లెట్‌ని మేం గమనించకముందే వేలితో సర్దేది. జేజి రోజూ వచ్చి ఎదురుగా నిలబడేది. ఒక్కో చాక్లెట్ పెట్టాక మరియం జేజి ముఖం చూడడం, జేజి తల ఊపడం, తర్వాత ఇంకోటి.

ఆ వారం చివర్లో కొంప మునిగింది. మాలతిగారు కాస్త దూరం జరిగి చూద్దామని గుమ్మం బయట ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు కొనడానికి వచ్చారు. మరియం లేచింది. పేర్చడం పూర్తయిన ట్రే రెండు చేతులా ఎత్తి వాళ్ళ ముందు పెట్టి “తఫద్దలీ” అంది, తీసుకోండి అని. వాళ్ళు మొహమాటపడ్డారు. మరియం కదల్లేదు. తీసుకునేదాకా కదలదు. ముఐథర్ ఇంట్లో ఆడవాళ్ళు కూర్చునే గదికి, అంటే మజ్లిస్‌కి, అతిథులు వచ్చినప్పుడు ట్రే పట్టుకుని అలా నిలబడాలని నేర్పింది మా జేజే. వాళ్ళు తిన్నారు, వెనకొచ్చినవాళ్ళూ తిన్నారు. నా దగ్గరికీ వచ్చింది. వద్దంటే మర్యాద కాదని నేనూ రెండు తిన్నాను.

ఆ ట్రే మధ్యాహ్నానికి బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్ళాల్సినది.

మరీహా తల పట్టుకుంది. “ఇక చాలు. ఆమెను ఇంట్లోనే ఉంచండి. జీతం ఇంటికే పంపిస్తాం.”

మరియం ఖాళీ ట్రే పట్టుకుని అందరినీ చూస్తోంది. తాను బాగా చేశాననే అనుకుంటోంది.

జేజి నడుముకి కొంగు దోపింది. నాకు మా ఊరి పంపు దగ్గర పంచాయితీ గుర్తొచ్చింది. మాలతిగారు లోపలికి పరిగెత్తుకొచ్చి ఆమె మాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది, తిట్లు మాత్రం వదిలేసి.

“ఇంటికి పంపేదానికి ఆ బిడ్డేం దొంగతనం చేసిందా? వచ్చినోళ్ళకు సలాం చెప్పమని మీరే తలుపు కాడ నిలబెడితిరి. సలాం చెప్పి లోపలికి పిలిచినంక, నోట్లోకి ఏమీ పెట్టకుండా పంపించే ఇల్లు ఈ దేశంలో యాడుండాది? ఇది ఇల్లు కాదు, అమ్ముకునే అంగడని ఒక్కరైనా చెప్పినారా? మొన్న మీ ప్యాకింగ్ ఆయన ట్రేకి ట్రే కింద పడేసినాడంట. ఆయన్నేమన్నా ఇంట్లో కూకోని జీతం తీసుకోమన్నారా? మాట్లాడరే?”

మాలతిగారు జేజి వైపు తిరిగి అడిగింది. “ఆంజనమ్మగారూ, ఇంట్లో మరియం ఏ ట్రే అయినా ఇచ్చేస్తుందా? ముట్టుకోనిది ఏదైనా ఉందా?”

జేజి కోపం మధ్యలో ఆగి ఆలోచించింది. “కప్పిపెట్టింది ఇయ్యదు. గుడ్డ కప్పినామంటే వేరే ఇంటికి పొయ్యేదని తెలుసు.”

ఆ దుకాణంలో ట్రేలన్నీ పేర్చి తెరిచి ఉంచి, చివర్లో ఒకేసారి ప్లాస్టిక్ కాగితం చుట్టేవాళ్ళు. మాలతిగారు ఆ వరుస మార్చమంది. మరియం పేర్చిన ట్రేకి అప్పటికప్పుడు మరియమే కాగితం చుట్టి రిబ్బన్ కడుతుంది. ఒక్క రోజు చూద్దామని మరీహా గొణిగింది.

“ఇంకో మాట. మీరు లోపలికి రాకూడదండి” అంది మాలతిగారు.

“ఎవరు, నేనా?”

“మీరేనండి. మీరు తల ఊపితే గానీ ఆ అమ్మాయి రెండో చాక్లెట్ పెట్టట్లేదు.”

“నేను పెంచిన బిడ్డ కాడికి నేను రాకూడదా?”

“వద్దండి.”

మా జేజితో అంత చిన్న మాటలో కాదని చెప్పి బతికిన మనిషిని అదే మొదటిసారి చూడడం.

మర్నాడు కారు దుకాణం అద్దాల ఎదురుగా ఆపాను. జేజి వెనక సీట్లో కూర్చుని మాలతిగారిని, మరీహాని, ఏసీని, నన్ను వరుసగా తిట్టింది. ఇంతలో ఒక కుటుంబం దుకాణంలోకి వెళ్ళింది. జేజి చెయ్యి నా భుజం మీద పడింది. ఆ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

మరియం లేచింది. ట్రే మీద చేతులు వేసింది. జేజి నిలబడే చోటు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే ఉంది. తర్వాత కాగితం లాగి ట్రేకి చుట్టి, రిబ్బన్ మీద రిబ్బన్ కట్టి, కూర్చుని ఇంకో ట్రే ముందుకు జరుపుకుంది.

జేజి చెయ్యి నా భుజాన్ని వదిలింది.

ఇది జరిగి ఏడాది దాటింది. మరియం ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది. మాలతిగారు ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి పోతుంది. గోడ మీది ఫోటో తీసేయించడానికి జేజికి ఇంకో పెద్ద గొడవ పట్టింది. పనివాళ్ళందరి ఫోటోలూ పెడితేనే మరియంది పెట్టమంది.

ఇదంతా రాసి నిన్న వంటింట్లో జేజికి చదివి వినిపించాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. మరియంని నిలుపుకున్న ఆ దుకాణం వాళ్ళది పెద్ద మనసు అని చివర్లో ఒక వాక్యం పెట్టాను. రాసేవాళ్ళు అలా ముగిస్తారని విన్నాను. జేజి కత్తి ఆపింది.

“ఆ ముక్క కొట్టెయ్. పెద్ద మనసేందిరా? ఆ బిడ్డ పని చేస్తాండాది, వాళ్ళు చేయించుకుంటాండారు. నువ్వు కారు తోల్తే జీతం ఇస్తాందే మేడమ్, ఆమెది పెద్ద మనసని యాడన్నా రాసినావా?”