మోటరు మోగిన పాట

పొద్దున మా చెల్క చేనులో కరెంటు వచ్చి బోరు మోటరు అందుకోగానే, నా నోట్లోంచి ఒక పాట రెండో చరణం గట్టిగా బయటికొచ్చింది. నకిరేకల్‌లో నాతోపాటు బడికి పోయినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాకొక బ్యాండు ఉండేది. ఒక గిటారు, ఒక డప్పు, యాదగిరన్న గొంతు. ఊళ్లో సప్పుడు ఎక్కువని, ముగ్గురూ మోటరు షెడ్డులో కూర్చుని ఫోన్లో పాట రికార్డు చేశారు. మోటరు స్టార్టరు ఆటోలో, అంటే కరెంటు రాగానే దానంతటదే నడిచేలా ఉన్న సంగతి మరిచారు. రెండో చరణంలో కరెంటొచ్చింది, మోటరు మోగింది. యాదగిరన్న ఆపలేదు, గొంతు పెంచి పాట ముగించాడు. మోటరు మోతతో సహా అదే పాట బ్లూటూత్‌లో మన ఫోన్లన్నిటికీ పాకింది.

వినాయకుడి మండపం దగ్గర వాళ్లు పాడిన సాయంత్రం గుర్తుందా? రెండో చరణం వచ్చింది, మోటరు రాలేదు. మనమంతా పెదవులు బిగించి "బుర్ర్ర్" అని అందుకున్నాం.

యాదగిరన్న ఆగిపోయాడు. "ఓర్నీ! గా మోటరు గూడ పాటనే అనుకున్నరార?"

"మరి కాదా అన్నా?" అని అరిచాం.

నవ్వి, గొంతు పెంచి మళ్లీ అందుకున్నాడు.

ఇప్పుడాయన షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోతున్నాడు. పాడక ఏళ్లయిందట. పొద్దున ఆయనకే ఫోన్ చేశాను. ఆయన ఎత్తగానే ఫోన్‌ను మోటరు దగ్గర పెట్టాను.

అటునుంచి రెండో చరణం మొదలైంది, మోటరును మించిన గొంతుతో.