నక్షలో లేని చెలిమెలు

"మడుగులు మూడూ నక్షల ఉన్నయి గద మొగులయ్యా. నీలిరంగు సుత నేనే వేసిన. ఇంకేం కావాలె?"

"గవి చలికాలం నీళ్లు సారూ. శివరాత్రి దాటితే నెర్రెలు వడ్తయి."

"నువ్వు ఫైళ్లు మోసేటోనివా, హద్దులు గీసేటోనివా?"

"గిప్పుడు ఫైళ్లు మోస్తున్న. ముందుగాల పులికి ఎరగా మేకల మోసిన. మేకే నయం, జర మాట్లాడేది."

నక్షలు గీసే ప్రేమ్‌రాజ్ నవ్వలేదు. "సోమవారం గీ నక్ష పైకి పోతది. గా లోపల రాసియ్యి, గీత జరుపుత. నోటిమాటకు జరప."

కాలేజీ మానేసి, నాంపల్లి అడవుల ఆఫీసులో పాత ఉర్దూ కాగితాలకు ఇంగ్లీషు అనువాదాలు రాస్తున్నాను. అది 1953. ఒక జాగీర్దారు వేట అడవిని జంతువుల రక్షణకు కేటాయించి, ఇప్పుడు దాని హద్దును తూర్పున బండిబాట దాకా పెంచుతున్నారు. ఆధారం పాత వేట నక్షే.

చప్రాసి మొగులయ్య ఆ అడవిలోనే పద్దెనిమిదేళ్లు హాకా చేశాడు. అంటే డప్పులు కొట్టి జంతువులను తుపాకుల ముందుకు తోలే వెట్టి. ఇప్పుడు అరవై దాటాయి. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. ఈ మడుగుల సంగతి ముగ్గురు అధికార్లకు చెప్పాడు. ఒకాయన నవ్వాడు, ఒకాయన బదిలీ అయ్యాడు, మూడో ఆయన రాసిమ్మన్నాడు. మొగులయ్యకు రాయడం రాదు.

శనివారం ఆఫీసు వదిలాక అతణ్ని ఆబిడ్స్ ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాను. చాయ్ సాసర్లో పోసుకున్నాడు.

"ఎండకాలం జంతువులన్నీ బాట దాటి ఇసుక వాగుకు పోతయి బిడ్డా. అడవిపందులు ముట్టెలతో ఇసుక తోడితే చెలిమెల నీళ్లూరుతయి. గవి తాగి పోయినంక దుప్పులు తాగుతయి. గీత బాట కాడనే ఆగుతది. వాగుల తుపాకి పట్టుకొని కూసున్నోన్ని అడిగేటోడు లేడు."

అంటే మనం కాపాడబోయేది ఎండిపోయే మడుగులను. ఇంత పెద్ద ఆఫీసుకు ఇది తట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఆ పాత వేట నక్ష గీసినవాళ్లకు కళ్లు లేవా తాతా?"

"ఉన్నయి. దొరలతోని చలికాలమే వచ్చిన్రు. ఎండకాలం నీళ్లేడ ఉంటయని మమ్ములనే అడిగిన్రు. హాకావాళ్లమంత ఒక్క మాట మీద ఉన్నం, ఏడా లేవని చెప్పినం." సాసరు పక్కకు జరిపాడు. "ఉన్నయంటే ఎండల సుత వేటకొస్తరు. ఉట్టి కాళ్లతోని మమ్ములనే ఉరికిస్తరు. మా పాణాలకని దాచినం. గిప్పుడు దుప్పుల పాణాల మీదికొచ్చింది."

అతడు తల గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"గప్పుడు చెప్పినోళ్లల్ల నేనొక్కన్నే మిగిలిన. ఇంగిలీషుల రాయి బిడ్డా, ఏలుముద్ర ఏస్త. వాగు ఏడుందో రాయి. గప్పుడు అబద్ధం చెప్పింది నేనే అని సుత రాయి. లేకుంటే నక్షనే నమ్ముతరు."