చింతపండు బండి చప్పుడు

ఆ రోజుల్లో సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకునేవాడికి చేతుల కన్నా ముందు చెవులుండాలనేవారు. నాకు చెవులు బాగానే ఉండేవి, వాటి మీద గర్వం ఇంకా బాగా ఉండేది. ముందే ఒప్పుకుంటాను, ఒక బండి విషయంలో నేను తప్పు చేశాను. తెలిసే చేశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు (ఇది సంజాయిషీ కాదు, లెక్క కోసం చెబుతున్నాను).

ఏజెన్సీ కొండల నుంచి చింతపండు బస్తాలు దింపే ఒకాయన ఉండేవాడు. వరసేమీ లేకపోయినా అందరూ అతన్ని చింతపండు మావ అనే పిలిచేవారు. అతని పాత పికప్పు ముందు భాగంలో ఏదో చప్పుడొస్తోందని ఒక ఉదయం షెడ్డుకి తెచ్చాడు. మొదట టక్కుమంటుందనీ, స్టీరింగు తిప్పితే కిర్రుమంటుందనీ నోటితో చేసి చూపించాడు. పక్కనున్న డ్రైవర్లు తమ తమ బండ్ల చప్పుళ్ళు కూడా చేసి చూపించడంతో కాసేపు షెడ్డు పక్షుల సంతలా తయారైంది. తీరా మేం ఎక్కి నడిపితే ఆ బండి మౌనవ్రతం పట్టింది. ఇలా కాదని నేను బానెట్ మీద బోర్లా పడుకుని, చెవి రేకుకి ఆనించి, మావని నెమ్మదిగా నడపమన్నాను. ఎదురొచ్చిన ఒక ముసలమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకెళుతున్నారనుకుని కళ్ళు ఒత్తుకుంది. బజారు చివర గుంటలో మాత్రం చప్పుడు వినబడింది. కుదుపులు ఆపే షాకబ్జర్ల రబ్బరు బుష్షులు పోయాయని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను.

మా షెడ్డులో పెద్ద మేస్త్రి అని ఒకాయన ఉండేవాడు. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బల మధ్య ఉండి ఆయన చెవులు చాలావరకు పోయాయి. చప్పుడొచ్చే బండి ఏదైనా సరే, కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, ఒక్కొక్క కీలు మీద అరచెయ్యి వేసేవాడు. పైనుంచి ఇంకొకరు స్టీరింగు అటూ ఇటూ ఆడించాలి. ఆ రోజు స్టీరింగు ఆడించింది నేనే. మావ టీకి వెళ్ళి ఉండగా ఆయన కిందనుంచి లేచి, ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు ఆడుతోందనీ, మార్చకుండా బండిని కొండెక్కనివ్వొద్దనీ అన్నాడు. అంతమంది ముందు నా తీర్పు కొట్టేయడం నాకు నచ్చలేదు.

"నీకినపడదు కదా మేస్త్రీ, నీకెలా తెలస్తాది?" అన్నాను. డ్రైవర్లు నవ్వారు.

ఆయన నా పెదాలకేసి చూసి అర్థం చేసుకున్నాడు. "ఇనపడదురా. సేతికి తెలస్తాది," అని చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నేను బుష్షులు మార్చాను. చప్పుడు పోలేదు. అప్పుడు ఎవరూ చూడకుండా గ్రీజు గన్ను తెచ్చి, మేస్త్రి చెప్పిన ఆ బాల్ జాయింటుకే నిండా గ్రీజు ఎక్కించాను. అరిగిన కీలు గ్రీజు తాగి నోరు మూసుకుంటుంది గానీ అరుగుదల ఎక్కడికీ పోదని నాకు తెలుసు. మావ మాత్రం పొంగిపోయి, నా చెవులకి వజ్రాల పోగులు పెట్టించాలన్నాడు.

నాలుగో రోజు బస్తాలతో ఘాట్ దిగి ఊళ్ళోకి తిరుగుతుండగా ఆ జాయింటు ఊడింది. ముందు చక్రం వాలిపోయి, బండి ఎద్దులా మోకాలు వంచింది. నెమ్మదిగా ఉంది కాబట్టి మావ మణికట్టు విరగడంతో సరిపోయింది. అదే ఘాట్ మలుపులో అయితే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

కట్టుతో షెడ్డుకొచ్చిన మావ, తన బండి ఎవరు చూశారని అడగలేదు. చప్పుడు పోగొట్టింది నేను, బండి కింద పడుకుని చూసింది మేస్త్రి కాబట్టి, పోయిన కీలు కనిపెట్టలేనిది ఆయనేనని తనే తేల్చేసుకున్నాడు. చెవిటివాణ్ణి పెట్టుకుని షెడ్డు నడిపితే ఇలాగే అవుతుందని ఓనరు మీద కేకలేశాడు. ఆ రోజు నవ్విన డ్రైవర్లు లోడ్లతో బయట ఉన్నారు. మేస్త్రికి మాటలు వినబడకపోయినా మొహాలు తెలుస్తున్నాయి. ఆయన నాకేసి చూశాడు. నేను నట్లు ఏరుకుంటూ తల దించుకున్నాను. ఇక రావద్దని ఓనరు ఆయనకి చేతి సైగతోనే చెప్పాడు.

వారానికి మించి దాచలేకపోయాను. ముందు మావ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. "మరి ఆ రోజు నోట్లో ఏటెట్టుకున్నావురా?" అన్నాడాయన. కొట్టినా బాగుండేది. అక్కణ్ణుంచి చీపురుపల్లి దగ్గర మేస్త్రి ఊరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని చీపురుపుల్లలు చీరుతున్నాడు. నేను దగ్గరగా కూర్చుని మెల్లగా, తప్పు నాదేనన్నాను. "ఏటీ?" అన్నాడు. కాస్త గట్టిగా చెప్పాను. "ఏటీ?" అన్నాడు మళ్ళీ. మూడోసారికి నా పాపం వీధంతా వినబడి, ఎదురింటివాళ్ళు పనులాపి బయటికొచ్చారు. (మొదటిసారే అర్థమైందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.)

"సెప్పాల్సినోళ్ళు సెడ్డులో ఉన్నార్రా. ఈదిలోవోళ్ళకేటి పని?" అన్నాడు.

మర్నాడు షెడ్డులో, డ్రైవర్లందరి ముందూ చెప్పాను. ఓనరు నన్ను తిట్టి, తనే వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాడు. మేస్త్రి వచ్చాడు గానీ, ఆ తర్వాత ఏ బండి దగ్గరా తనంతట తాను నోరు విప్పలేదు. అందుకని ప్రతి బండికీ నేనే, ఓనరూ డ్రైవర్లూ వినేలా, "మేస్త్రీ, నువ్వు సూసి సెప్పు" అని అరిచి అడిగేవాణ్ణి. ఆయన చెప్పాకే పానా పట్టేవాణ్ణి. అన్నేసి కేకలు విని కొత్తగా వచ్చిన డ్రైవర్లు చెవుడు నాకే అనుకుని, నాతో సైగలు చేసేవారు. నేను కాదనలేదు.